నాట్లు మొదలయ్యాయి: పాముకాటు విషయంలో మా వీధివాళ్లం ముందుగా ఏం చేసి పెట్టుకోవాలి?

దివిసీమ కోడలు

అందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లా అవనిగడ్డ దగ్గర చిన్న పల్లె. కాలువకు నీళ్లు వచ్చాయి, ఆకుమళ్లు ఎదిగాయి, ఈ వారంలో నాట్లు పడుతున్నాయి. నాట్లతోపాటే మా వైపు ఇంకో భయం కూడా మొదలవుతుంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరుసపెట్టి జరిగి పత్రికల్లో వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేలకు నీళ్లు పెట్టగానే కన్నాలు మునిగి, ఎలుకలు గట్లమీదికీ ఇళ్లలోకీ వస్తాయి. వాటి వెనకే పాములూ వస్తాయి.

మా ఇళ్ల వెనక వీధి పొడవునా పంట కాలువ గట్టే. సగం ఇళ్లలో పిల్లలు చాపమీద పడుకుంటారు. మా అత్తగారు తెల్లవారకముందే లేచి చీకట్లోనే పశువుల పాకలోకి వెళ్తారు. లైటు వేసుకోండి అత్తయ్యా అంటే, "ఈ పాక నాకు కొత్తా?" అంటారు. పక్కింటివాళ్ల కట్టెలూ పిడకలూ వంటగది గోడకు ఆనించి పేర్చి ఉంటాయి.

వచ్చే ఆదివారం మా డ్వాక్రా సంఘం సమావేశం ఉంది. అప్పుల లెక్కలు అయ్యాక ఈ విషయం మాట్లాడటానికి కొంచెం సమయం అడిగి తీసుకున్నాను. కానీ ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. కాటు పైన గట్టిగా తాడు కట్టాలని ఒకరు, పామును చంపి ఆసుపత్రికి పట్టుకెళ్లాలని ఒకరు, ముందు పొరుగూరి మంత్రగాడి దగ్గరికి వెళ్లాలని ఇంకొకరు. నిజంగా ఏది పనికొస్తుంది? ఇంటివాళ్లుగా మానుకోవలసిన అలవాట్లేమిటి? వీధి మొత్తం కలిసి చేయదగ్గ పని ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, నేను రాసుకుని చదివి వినిపిస్తాను.

తోటబావి

అమ్మా, ఇంటి చుట్టూ బ్లీచింగ్ పొడి చల్లండి. గుమ్మాల దగ్గర వెల్లుల్లి దంచి పెడితే ఆ ఘాటుకు పాము రాదని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఇక మంత్రం మాట ఎలా ఉన్నా పసరును తీసిపారేయవద్దు. పసరు వేయించుకుని బతికినవాళ్లను మా ఊళ్లో నేను కళ్లారా చూశాను. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ పొలం పనికి వెళ్తున్నారు.

పాత స్టాఫ్‌నర్సు

అమ్మా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్‌నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం అత్యవసర విభాగంలోనే గడిచింది. జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా పాముకాటు కేసు రాని వారం ఉండేది కాదు. నువ్వు సంఘంలో చదివి వినిపిస్తానన్నావు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పసరు సంగతి. తోటబావి గారూ, పసరు వేయించుకుని బతికినవాళ్లను నేనూ చూశాను. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టు లాంటివి కరిస్తే పసరు వేసినా వేయకపోయినా మనిషికి ఏమీ కాదు. విషమున్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. పళ్లు గుచ్చుకుని విషం దిగని కాట్లు ఎన్నో ఉంటాయి. అలాంటి మనిషి ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లకు పేరు వస్తుంది. అదే మంత్రగాడి దగ్గరికి విషం దిగిన మనిషి వెళ్తే, చివరికి ఆ మనిషి చేరేది మా దగ్గరికి, అప్పటికే మాట పడిపోయి ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఆ పోయిన రెండు మూడు గంటలే. పాము విషానికి విరుగుడు ఒక్కటే ఉంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాటి రక్తం నుంచి తయారుచేసే మందు. ఆసుపత్రిలో మేము ఏఎస్‌వీ అంటాం. దాన్ని సెలైన్‌లో కలిపి నరానికే ఎక్కించాలి. కొందరికి ఆ మందు పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చి బీపీ పడిపోతుంది. అందుకే ఎడ్రినలిన్ సూది పక్కన సిద్ధంగా పెట్టుకుని మరీ మొదలుపెడతాం. ఇంటి దగ్గర చేసే పని కాదది.

పామును చంపి తేవాలా అని అడిగావు. అక్కర్లేదు. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు పాములు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దగ్గర దొరికే ఏఎస్‌వీ ఈ నాలుగింటికీ కలిపి చేసిందే. పాము ఏదైనా మందు అదే. పామును వెతకడానికి కర్రలు పట్టుకుని గట్టంతా తిరిగితే కాలం పోతుంది, మరొకరిని కరిచే ప్రమాదం కూడా ఉంటుంది. దూరం నుంచి ఫోనులో ఫొటో తీయగలిగితే మంచిదే, లేకపోతే దాని జోలికి వెళ్లవద్దు. రక్తంలో విషం పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి మాకు వేరే పద్ధతి ఉంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా నిలబెడతాం. సరిగ్గా 20 నిమిషాలకు మెల్లగా వంచి చూస్తాం. గడ్డ కట్టి ఉంటే కదలదు. నీళ్లలా జారిందంటే పింజర జాతి విషం రక్తంలోకి వెళ్లినట్టే. ప్లాస్టిక్ గొట్టంలో ఈ పరీక్ష తప్పుతుంది, సబ్బుతో కడిగిన గొట్టంలోనూ తప్పుతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలకు నేను మొదట నేర్పేది ఇదే.

ఇప్పుడు కట్లపాము గురించి చెప్పాలి. మీ వీధిలో పిల్లలు నేలమీద పడుకుంటారని రాశావే, అది చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. రక్తపింజర కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది, నాగుపాము పడగ విప్పుతుంది. కట్లపాము ఏ చప్పుడూ చేయదు. పగలు దాదాపు కనిపించదు. రాత్రి ఎలుకల కోసం, బల్లుల కోసం ఇంట్లోకి వచ్చి, నిద్రలో ఉన్న మనిషి చేయి తగిలితే కరుస్తుంది. పళ్లు చాలా చిన్నవి. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. ఒకసారి తెల్లవారుజామున ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. రాత్రి తిన్నది పడలేదనుకున్నారు తల్లిదండ్రులు. "కళ్లు తెరువు నాన్నా" అంటే నుదురు ముడతలు పడేలా కనుబొమలు పైకి లేపుతున్నాడు, రెప్పలు మాత్రం లేవడం లేదు. అది చూడగానే "రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?" అని అడిగాను. వరండాలో చాపమీద. కాసేపటికి మెడ నిలవలేదు, తర్వాత ఊపిరి అందలేదు. నోట్లో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. ఏమాత్రం కదలిక లేకుండా పడి ఉన్నా అలాంటి రోగికి మన మాటలు వినిపిస్తూనే ఉంటాయి. అందుకని అతడి చెవి దగ్గర ధైర్యం చెబుతూనే ఉన్నాం. రోజులు పట్టింది కానీ బాగై నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. కట్లపాము కాటుకు ఊపిరి నిలబెట్టగలిగితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కాబట్టి వానాకాలంలో రాత్రి నేలమీద పడుకున్నవాళ్లకు తెల్లవారేసరికి కారణం తెలియని కడుపునొప్పి, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, రెప్పలు వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా పాముకాటు అనుకునే బయలుదేరండి.

దీనికి కట్టడి కూడా తేలికే. మంచం, దోమతెర. మంచం లేకపోతే దోమతెర ఒక్కటైనా కట్టి, దాని అంచులు చాప కిందికి చుట్టూ గట్టిగా దోపాలి. ఒక మూల వదిలేస్తే లాభం లేదు. నేపాల్ తరాయి ప్రాంతంలో పరిశీలించి, దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాట్లు చాలా తక్కువని తేల్చారు. డెంగీ, మలేరియా నుంచి కాపాడుకోవడానికి ఎలాగూ దోమతెర కావాలి. సంఘం పొదుపులోంచి అప్పు ఇచ్చే మొదటి వస్తువు ఈ ఏడాది దోమతెర కావాలని నేను కోరుకుంటున్నాను. ధాన్యం బస్తాలు పెట్టిన గదిలో పిల్లల్ని పడుకోబెట్టవద్దు. బస్తా ఉన్నచోట ఎలుక ఉంటుంది.

బ్లీచింగ్ పొడి, వెల్లుల్లి, ఫినాయిల్ వీటిని నమ్మి తలుపు కింద సందు వదిలేయకండి. ఆ సందును పాత గుడ్డతోనైనా మూయండి, తూముకు జాలీ వేయించండి, కట్టెలూ పిడకలూ గోడకు దూరంగా, వీలైతే రాళ్లమీద ఎత్తుగా పేర్చండి. పొడి మీద పెట్టే డబ్బు టార్చి మీద పెట్టండి. మీ అత్తగారికి పాక కొత్త కాదు, కానీ రాత్రికి రాత్రి అందులోకి వచ్చి చేరిన పాముకు ఆవిడ కొత్త. ఆవిడ చేతికి అందే చోట ఒక టార్చి వేలాడదీసి చూడు.

కాటు పడితే చేయవలసింది ఇది. మనిషిని ఉన్నచోటే పడుకోబెట్టాలి. నడిపించకూడదు, పరుగెత్తించకూడదు. కాలికి పడితే మెట్టెలు, పట్టీలు, చేతికి పడితే గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు, వేలు నల్లబడుతుంది. కాలు విరిగితే ఎలా కర్రబద్ద పెట్టి కదలకుండా కడతారో అలాగే వదులుగా కట్టాలి. తాడు బిగించకూడదు. బిగించిన తాడుతో వచ్చిన కాళ్లను చూశాను, విషం వల్ల కాకుండా రక్తం అందక పాడైన కాళ్లు అవి. ఒకవేళ ఎవరైనా అప్పటికే బిగించేస్తే దారిలో మీరు విప్పవద్దు. ఆగిన విషం ఒక్కసారిగా పైకి వెళ్తుంది. ఆసుపత్రిలో డాక్టరు దగ్గరుండి విప్పిస్తారు. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, కారం తినిపించి చూడటం ఏదీ వద్దు. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కాటు పడిన సమయం గుర్తుపెట్టుకోండి, మేము మొదట అడిగేది అదే.

ఇక వీధి మొత్తం చేయవలసిన పని. విరుగుడు ఆసుపత్రిలో ఉంది, మనిషి పొలంలో ఉన్నాడు. ఈ రెండింటి మధ్య పట్టే సమయాన్ని మీరు ముందే తగ్గించి పెట్టుకోవాలి. ఆదివారం లోపు పీహెచ్‌సీకి వెళ్లి మూడు ప్రశ్నలు అడుగు. ఏఎస్‌వీ ఇప్పుడు నిల్వ ఎంత ఉంది? రాత్రిపూట ఎవరు ఉంటారు? ఇక్కడ కుదరకపోతే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఏది? మొదటి మోతాదుకే దాదాపు 10 వయల్స్, అంటే మందు సీసాలు కావాలి కాబట్టి "రెండు ఉన్నాయి" అంటే లేనట్టే. పిల్లలకు కూడా పెద్దవాళ్ల మోతాదే. పాము చిన్నవాడని తక్కువ విషం వదలదు కదా. ఈ సమాధానాలు కాగితం మీద రాసి ప్రతి ఇంటి తలుపు వెనక అంటించండి, 108 నంబరుతో సహా. అంబులెన్సు రావడానికి ఆలస్యమయ్యేలా ఉంటే ఆగకండి. మోటారుసైకిలు మీద రోగిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఒకరు పట్టుకుని కూర్చోవాలి. నేపాల్‌లోనే కొన్ని పల్లెల్లో మోటారుసైకిళ్లవాళ్లు ఇలా వంతులు వేసుకుని తీసుకెళ్లడం మొదలుపెట్టాక పాముకాటు మరణాలు బాగా తగ్గాయి. మీ వీధిలో బండి ఉన్నవాళ్లెవరు, ఏ రాత్రి ఎవరి బండిలో పెట్రోలు ఉంటుంది అని సంఘంలోనే తేల్చుకోండి.

గట్టుమీద రైతు

నర్సమ్మగారు ఇంటి సంగతి చెప్పారు, నేను చేను సంగతి చెబుతాను. కౌలుకు వరి వేస్తాను, మాది గోదావరి కాలువ కింద.

బూట్లు వేసుకోమని పుస్తకాల్లో రాస్తారు. నాట్ల బురదలో బూటు దిగబడితే పైకి రాదు, ఆడకూలీలు వాటితో వంగి నాటలేరు. కానీ బురదమడిలో కాటు తక్కువే. మనుషులు చేరేసరికి ఆ అలజడికి పాము పక్కకు పోతుంది. ప్రమాదమంతా గట్టు మీద. అందుకని నీళ్లు కట్టడానికి, మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు తప్పకుండా బూట్లు వేసుకుంటాను. గట్టు మీద గడ్డి మోకాలిదాకా పెరిగితే ఎవరు ఏమన్నా ముందు అది కోయిస్తాను. మోటారు స్టార్టర్ డబ్బా తెరిచే ముందు కర్రతో రెండుసార్లు కొడతాను. వెచ్చగా ఉంటుందని లోపలికి చేరతాయి.

కోతలప్పుడు ఇంకో గండం. కోసిన పనలు చేలో రెండు మూడు రోజులు ఎండుతాయి కదా, వాటి కింద ఎలుకలూ, ఎలుకల కోసం పింజరా. కూలీలు వంగి రెండు చేతులూ పన కిందికి పోనిచ్చి ఎత్తుతారు, కాటు చేతికి పడేది అక్కడే. మా చేలో పొడుగు కర్రకు కొక్కెం కట్టించాను. ముందు దానితో పనను ఒక్కసారి పక్కకు తిప్పి, ఆ తర్వాత చేతులు పెట్టాలని మేస్త్రీకి చెప్పాను. మొదట్లో పని ఆగుతుందని గొణిగారు, ఇప్పుడు వేరే చేలవాళ్లు కూడా ఆ కొక్కెం అడిగి తీసుకుంటున్నారు. కుప్పనూర్పిళ్లప్పుడు, గడ్డివాము లాగేటప్పుడూ ఇదే పద్ధతి.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. కౌలుచేలో కాటు పడిన కూలీని తీసుకెళ్లడానికి ఆ రోజు బండి ఎవరిది, డీజిల్ ఎవరిది అని వెనకాముందాడే రైతులు ఉన్నారు. నాట్లకు పిలిచినప్పుడే ఆ బాధ్యత చేను గలవాడిదని ఊరంతా అనుకుంటే బాగుంటుంది. మీ సంఘంలో ఈ మాట కూడా తీసుకురండి అక్కా.

తోటబావి

నర్సమ్మగారూ, మీరు చెప్పింది చదివాను. మరి నీరుకట్టుకు విషం లేదన్నారు కదా. కరిచింది నీరుకట్టే అని కళ్లతో చూస్తే కూడా ఆసుపత్రికి పోవాలా? ఒకరోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు వేరే.

పాత స్టాఫ్‌నర్సు

పోవాలి బాబూ. పట్టపగలు ఎండలో, పాముల గురించి బాగా తెలిసినవాడు చూస్తే గుర్తుపట్టగలడు. కాటు పడేది చీకట్లో, బురదలో, తోక మాత్రమే కనిపించి మాయమైనప్పుడు. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకున్నవాళ్లున్నారు. ఆసుపత్రికి వెళ్లగానే ఏఎస్‌వీ ఎక్కించరు, ఆ భయం వద్దు. విషం దిగిన గుర్తులుంటేనే ఎక్కిస్తారు. లేకపోతే 24 గంటలు దగ్గర పెట్టుకుని రక్తం మళ్లీ మళ్లీ చూస్తారు, టీటీ ఇంజెక్షన్ వేస్తారు, పంపించేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందుకు డబ్బు కట్టనక్కర్లేదు. పోయేది ఒకరోజు కూలే.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని పరిశోధకులు అంచనా కట్టారు, ఏడాదికి సగటున 58 వేలు. అందులో ఎక్కువమంది పల్లెల్లోవాళ్లు, వానాకాలంలో పోయినవాళ్లు. ఎక్కువ మరణాలు కొద్ది రాష్ట్రాలలోనే, వాటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ఒక ప్రణాళిక కూడా విడుదల చేసింది. ఆ సగం తగ్గేది మీ ఊరి లాంటి ఊళ్లలోనే.

గట్టుమీద రైతుగారి కొక్కెం నాకు చాలా నచ్చింది. ఆ కౌలుచేల మాట కూడా తప్పకుండా చదివి వినిపించు తల్లీ.

దివిసీమ కోడలు

సమావేశం అయింది. మీ జవాబులన్నీ చదివాను. కట్లపాము సంగతి చదువుతున్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పీహెచ్‌సీకి ముందే వెళ్లి అడిగాను. మందు ఉంది, రాత్రి డ్యూటీలో ఎవరుంటారో ఫోను నంబరుతో సహా రాసిచ్చారు. పది ఇళ్లవాళ్లు దోమతెరలకు పేర్లు ఇచ్చారు. వీధిలో బండ్లున్న కుర్రాళ్లు వంతులు వేసుకున్నారు, ఆ పట్టిక రామాలయం అరుగు దగ్గర అంటించాం. కాలువ గట్టు మీద మూడు స్తంభాలకు దీపాలు వెలగడం లేదు, పంచాయతీకి అర్జీ రాసి అందరం సంతకాలు పెట్టాం.

కౌలుచేల విషయంలో గట్టిగానే వాదన జరిగింది. చేను గలవాడే బండి పెట్టాలని కూలికి వెళ్లే ఆడవాళ్లందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఇద్దరు రైతులు ఒప్పుకున్నారు, మిగిలినవాళ్లతో మాట్లాడాలి.

ఒక అనుమానం మిగిలింది. మా సంఘంలో ఒక అమ్మాయికి ఆరో నెల. గర్భిణికి ఆ మందు ఇవ్వవచ్చా అని అడిగింది. ఆమె ఇప్పుడు కూడా నాట్లకు వెళ్తోంది.

పాత స్టాఫ్‌నర్సు

ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. విషం దిగిందంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే, తల్లికి మందు అందితేనే బిడ్డ నిలుస్తుంది. గర్భం వల్ల మోతాదు మారదు. ఆ అమ్మాయిని మాత్రం కాన్పుల డాక్టరు కూడా ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. అది ఏ ఆసుపత్రో ఏఎన్‌ఎంను అడిగి, అరుగు దగ్గర అంటించిన కాగితంలో ఇంకో వరుస చేర్చు. పడుకోబెట్టి తీసుకెళ్లేటప్పుడు ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆమెను మోటారుసైకిలు మీద కాదు, ఆటోలోనో కారులోనో తీసుకెళ్లాలి. అందుకని మీ బండ్ల పట్టికలో ఒక ఆటో అతని పేరు కూడా ఉండేలా చూడు.